బెంగళూరుకు పోయి బతకొచ్చు కదా? శరణార్థి అప్పీళ్ళలో అసలు ప్రశ్న

కెనడాలోనో అమెరికాలోనో శరణార్థి రక్షణ కోసం పెట్టుకున్న దరఖాస్తు కొట్టేశారని తిరుపతిలోనో పలమనేరులోనో ఉన్న ఇంటికి ఫోను వస్తే, ఇంట్లోవాళ్ళ నోట వచ్చే మొదటి మాట దాదాపు ఒకటే: "పైకోర్టుకు పోదాం." పైకోర్టు ఉన్నమాట నిజమే, పోయే దారీ ఉంది. కానీ ఆ కోర్టు ఏం చేస్తుందని మనవాళ్ళు అనుకుంటారో, అది నిజంగా చేసే పని వేరు. అక్కడి జడ్జి కథంతా మొదటి నుంచి మళ్ళీ విని రక్షణ ఇచ్చేయరు. కింది అధికారి రాసిన ఆర్డరు ముందు పెట్టుకుని, అది రాసిన తీరు నిలబడుతుందా లేదా అని చూస్తారు.

చిత్తూరు జిల్లాలో భూమి తగాదా చూసిన ఇంటికి ఇది చెప్పడం తేలిక. పాసుపుస్తకం విషయంలో తహసీల్దారు ఆర్డరు వేస్తే ఆర్డీవో దగ్గర అప్పీలు, ఆపైన జాయింట్ కలెక్టర్ దగ్గర రివిజన్, అక్కడా కాకపోతే హైకోర్టులో రిట్. ఆర్డీవో కాగితాలు తిరగేసి ఆర్డరు మార్చగలరు. హైకోర్టు రిట్‌లో మామూలుగా పొలం ఎవరిదో తేల్చదు. నోటీసు ఇచ్చారా, చెప్పింది విన్నారా, కారణాలు రాశారా అని చూసి, తేడా కనిపిస్తే "మళ్ళీ విచారించండి" అని వెనక్కి పంపుతుంది. కెనడాలోని ఏర్పాటు కూడా ఇంచుమించు ఇలాంటి మెట్ల వరసే.

అక్కడ మొదటి విచారణ రెఫ్యూజీ ప్రొటెక్షన్ డివిజన్‌లో జరుగుతుంది. కొట్టేస్తే చాలామందికి రెఫ్యూజీ అప్పీల్ డివిజన్ ఉంటుంది. 2012 డిసెంబరులో మొదలైన ఈ రెండో మెట్టుకు కింది నిర్ణయాన్ని తీసేసి తన నిర్ణయం పెట్టే అధికారం ఉంది. కొత్త సాక్ష్యానికి మాత్రం గట్టి షరతు పెట్టారు. అది మొదటి తిరస్కరణ తర్వాత పుట్టినదై ఉండాలి, లేదా అప్పట్లో సంపాదించడానికి వీలుకానిదై ఉండాలి. "అప్పుడు ఎవరూ అడగలేదు, అందుకే ఇవ్వలేదు" అనే జవాబు సాధారణంగా చెల్లదు. మూడో మెట్టు ఫెడరల్ కోర్టు. నిర్ణయం అందిన 15 రోజుల్లో అర్జీ వేయాలి, అది కూడా నేరుగా వాదనకు రాదు. ముందు 'లీవ్' దొరకాలి, అంటే కేసు వినడానికి కోర్టు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మామూలుగా కారణాలు రాయరు, ఆ నిరాకరణపై అప్పీలూ లేదు. ఇంటి దగ్గర అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ దశే. కేసు ఏ తప్పు వల్ల పోయిందో కూడా తెలియకుండా పోతుంది.

లీవ్ దొరికితే అప్పుడు జరిగే విచారణకు కొలబద్ద 2019 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన వావిలోవ్ తీర్పు. దాని ప్రకారం జడ్జి "నేనైతే ఏం చేసేవాణ్ణి" అని ఆలోచించకూడదు. రాసిన కారణాలు ఒకదానితో ఒకటి అతుకుతున్నాయా, ముందున్న సాక్ష్యానికి జవాబు చెప్పాయా, మనిషి చేసిన ముఖ్యమైన వాదనను చూడకుండా దాటేశారా అని చూడాలి. నిర్ణయం వల్ల మనిషికి జరిగే నష్టం ఎంత పెద్దదైతే కారణాలు అంత గట్టిగా ఉండాలని కూడా ఆ తీర్పు చెప్పింది. శరణార్థి కేసుల్లో లాయర్లు గట్టిగా పట్టుకునేది ఈ వాక్యాన్నే. ఇంతా చేసి గెలిస్తే, సాధారణంగా ఫైలు ఆ డివిజన్‌లోనే నిర్ణయాలు చేసే మరో సభ్యుడి దగ్గరికి తిరిగి వెళ్తుంది. రక్షణ అప్పుడే రాదు. రెండోసారి మరింత జాగ్రత్తగా రాసిన ఆర్డరుతో మళ్ళీ ఓడిపోయేవాళ్ళూ ఉంటారు.

అందుకే తిరస్కరణ ఆర్డరు చేతికి రాగానే అందులో మొదట వెతకాల్సింది, కేసు ఏ అంశం మీద పోయిందో. కథ నమ్మలేదా? భయం నిజమే కానీ అది 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందంలోని అయిదు కారణాల్లోకి (జాతి, మతం, జాతీయత, ప్రత్యేక సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం) రాదన్నారా? పోలీసులు కాపాడగలరన్నారా? లేక దేశంలోనే ఇంకోచోట బతకొచ్చన్నారా? చాలా ఆర్డర్లలో రెండు కారణాలు పక్కపక్కనే ఉంటాయి: "చెప్పింది నమ్మలేదు, నమ్మినా ఇంకో ఊరికి పోవచ్చు." ఇలాంటి ఆర్డరు మీద వెళ్ళేవాళ్ళు రెండింటినీ పడగొట్టాలి. మొదటిదాంట్లో ఎన్ని తప్పులు చూపించినా రెండోది నిలబడితే ఆర్డరు మొత్తం నిలబడుతుంది. అవమానం జరిగిందన్న కోపంతో "నన్ను అబద్ధాలకోరు అంటారా" అనే దాని మీదే పేజీలు నింపి, రెండో కారణానికి రెండు పేరాలతో సరిపెట్టిన అర్జీ గెలవడం కష్టం.

భారత్ నుంచి వెళ్ళినవాళ్ళ కేసుల్లో ఆ రెండో కారణమే తరచుగా ఎదురవుతుంది. చట్టంలో దాన్ని ఇంటర్నల్ ఫ్లైట్ ఆల్టర్నేటివ్ అంటారు. సొంత దేశంలోనే ప్రమాదం లేని మరో ఊరు ఉండి, అక్కడ బతకమనడం అన్యాయం కాకపోతే, పరదేశం రక్షణ ఇవ్వనక్కర్లేదు. ఇది కెనడాలో స్థిరపడింది 1991 నాటి రసరత్నం తీర్పుతో. జాఫ్నా వైపు నుంచి వచ్చిన తమిళులు కొలంబోలో ఉండొచ్చు కదా అన్నది అప్పటి ప్రశ్న. 1993లో తిరునావుక్కరసు తీర్పు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, ఆ రెండో ఊరు కాగితం మీద ఉంటే చాలదు, నిజంగా చేరుకోగలిగి ఉండాలి, అక్కడికి పోవడానికి యుద్ధరేఖలు దాటమనో అడవిలో దాక్కోమనో చెప్పకూడదు అంది. 2000 చివర్లో వచ్చిన రంగనాథన్ తీర్పు గేటును సగం మూసింది. ఆ ఊళ్ళో బంధువులు లేరు, ఉద్యోగం దొరకదు అంటే చాలదు, ప్రాణానికీ భద్రతకూ ముప్పు తెచ్చే పరిస్థితులున్నాయని గట్టి సాక్ష్యంతో చూపించాలి. ఈ మూడూ శ్రీలంక తమిళుల కేసులే. ఈరోజు కెనడాలో ఒక మదనపల్లె అబ్బాయి దరఖాస్తును కొలిచే కొలత ముప్పై ఏళ్ళ కిందట జాఫ్నా వాళ్ళ కష్టం మీద తయారైంది.

ఆ కొలత చిత్తూరు వాళ్ళకు మరీ బిగుతుగా పడుతుంది. విచారణలో అధికారి అడిగేవి మామూలు ప్రశ్నలే. ఏమేం భాషలు వచ్చు? ఎంతవరకు చదివారు? మీ ఊరి నుంచి పనికోసం ఎక్కడికి పోతారు? కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరులో పని చేసి వచ్చేవాళ్ళున్నారు. నగరి, పుత్తూరు వైపు తమిళం రాని ఇల్లు అరుదు. తిరుపతి నుంచి చెన్నై మూడు నాలుగు గంటల ప్రయాణం. తెలుగు, తమిళం, కన్నడ మూడూ నోటికి వచ్చి, బీటెక్ చదివి, ఇంగ్లీషులో ఉద్యోగం చేసినవాళ్ళకు బెంగళూరు, చెన్నై, ముంబై అన్నీ 'బతకగల ఊళ్ళు' అయిపోతాయి. మూడు రాష్ట్రాల సరిహద్దులో పుట్టినందుకు జీవితంలో దొరికిన సౌకర్యమే విచారణలో ఎదురు తిరుగుతుంది. పంజాబ్ రైతును బెంగళూరుకు పొమ్మంటే కనీసం భాష గురించి వాదించడానికి ఏదో ఉంటుంది.

అయితే ఈ దగ్గరతనమే ఎదురు వాదనకూ పనికొస్తుంది. చిత్తూరు నుంచి బెంగళూరుకు పారిపోవడం ఎంత తేలికో, వెంటపడి రావడం కూడా అంతే తేలిక. కాబట్టి అసలు విషయం దూరం కాదు. వేధించేవాళ్ళకు ఇంకా వెతికే ఉద్దేశం ఉందా, వెతికి పట్టుకునే తాహతు ఉందా అన్నదే. కెనడా తీర్పుల్లో ఈ రెండూ విడివిడిగా చూస్తారు. ఊళ్ళో పలుకుబడి ఉన్న నాయకుడికి పక్క రాష్ట్రంలో మనుషులున్నారని ఊరికే చెబితే నమ్మరు. రెండేళ్ళ తర్వాత కూడా ఇంటికి వచ్చి ఆచూకీ అడిగిన సందర్భం, ఎవరు వచ్చారు, ఎప్పుడు, ఏమన్నారు అన్న వివరం చూపిస్తే దానికి బరువు ఉంటుంది. ఆధార్, అద్దె ఇంటికి పోలీసుల వెరిఫికేషన్, స్టేషన్లను కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్ వల్ల ఎక్కడున్నా దొరికిపోతామన్న వాదన చాలామంది చేస్తారు. వెతికేది పోలీసులే అయితే దానికి కొంత అర్థం ఉంది. వెతికేది మేనమామ అయితే, ఆయనకు ఆ డేటా ఎలా అందుతుందో చెప్పాలి. ఇంకో వాదన దీనికన్నా బలంగా నిలబడిన సందర్భాలున్నాయి: తల్లిదండ్రులకు కూడా అడ్రసు చెప్పకుండా, వాళ్ళు అబద్ధం ఆడితే తప్ప బతకలేని ఊరు నిజమైన ఆశ్రయం కాదని ఫెడరల్ కోర్టు కొన్ని తీర్పుల్లో చెప్పింది. దాక్కోవడం వేరు, బతకడం వేరు కాబట్టి.

అమెరికాలో ఇదే ప్రశ్నకు బరువు మోసే భుజం మారుతుంది. ఇంతకుముందే హింసకు గురైనట్టు రుజువైతేనో, హింసించేది సొంత దేశపు ప్రభుత్వమైతేనో, ఇంకో ఊరు ఉందని చూపించాల్సిన బాధ్యత అమెరికా ప్రభుత్వం మీద పడుతుంది. 2019లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (అక్కడ ప్రాంతాలవారీగా ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి) పంజాబ్‌కు చెందిన ఒక సిక్కు రాజకీయ కార్యకర్త కేసును ఇందుకే తిప్పి పంపింది. కొత్త ఊళ్ళో కూడా ఆయన రాజకీయాలు ఆపకపోతే ఏమవుతుందో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు సరిగ్గా పరిశీలించలేదంది. మిగతా విషయాల్లో మాత్రం అమెరికా దారి ఇరుకు. దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోపు అసైలం (శరణు) దరఖాస్తు వేయాలి, మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. ఇమిగ్రేషన్ జడ్జి, ఆపైన అప్పీళ్ళ బోర్డు రెండూ న్యాయశాఖలో భాగం, స్వతంత్ర కోర్టులు కావు. బోర్డు కాదన్నాక 30 రోజుల్లో సర్క్యూట్ కోర్టుకు వెళ్ళొచ్చు. అక్కడ వాస్తవాలపై కింది నిర్ణయం పోవాలంటే, బుద్ధి ఉన్న ఏ అధికారైనా వేరే నిర్ణయానికి రాక తప్పదు అనేంత సాక్ష్యం ఉండాలి. అర్జీ వేసినంత మాత్రాన డిపోర్టేషన్ ఆగదు, స్టే విడిగా అడగాలి. కెనడాలో అప్పీల్ డివిజన్ నిర్ణయంపై ఫెడరల్ కోర్టుకు వెళ్తే చాలా సందర్భాల్లో స్టే దానంతటదే వస్తుంది. ఇంకో సంగతి: ఏ సర్క్యూట్ అన్నది విచారణ ఎక్కడ ముగిసిందో దాన్నిబట్టి ఉంటుంది. టెక్సాస్‌లోని తెలుగువాళ్ళకు అయిదో సర్క్యూట్, న్యూజెర్సీ వాళ్ళకు మూడోది, కాలిఫోర్నియా వాళ్ళకు తొమ్మిదోది. ఒకే ఊరి నుంచి వెళ్ళిన ఇద్దరికి ఒకే రకం కేసులో వేరే ఫలితం రావడానికి ఇదొక కారణం.

ఎక్కడైనా పైకోర్టు చూసేది రికార్డునే కాబట్టి, కేసు బలమంతా మొదటి విచారణకు పంపిన కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలు తయారయ్యేది ఇక్కడే: తిరుపతి కోర్టు దగ్గర నోటరీ టేబుల్ మీద, ఊరి సర్పంచ్ ఇంట్లో, పోలీస్ స్టేషన్లో. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి పంపితే పని అయిపోయిందనుకుంటారు. ఆ పేపరు మీద అమ్మిన తేదీ, ఎవరి పేరున కొన్నారో, వెండర్ లైసెన్సు వివరాలు ఉంటాయి. 2021లో జరిగిన గొడవ గురించి నలుగురు పొరుగువాళ్ళు తిరస్కరణ వచ్చిన వారానికి ఒకే రోజు కొన్న పేపర్ల మీద, ఒకే వాక్యాలతో ప్రమాణం చేస్తే, అది సాక్ష్యం కన్నా ఎక్కువగా అనుమానాన్ని పెంచుతుంది. ఎఫ్ఐఆర్ సంగతి మరీ సున్నితం. 2016లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పటి నుంచి సున్నితమైన కేసులు తప్ప ఎఫ్ఐఆర్‌లను పోలీసులు వెబ్‌సైట్లో పెట్టాలి, కాబట్టి నంబరు సరిపోతుందో లేదో విదేశంలో కూర్చునే చూడొచ్చు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో బెదిరించారంటూ ఐపీసీ 506 సెక్షన్‌తో ఎఫ్ఐఆర్ పట్టుకొస్తే, అధికారి రెండో పేజీ తిప్పనక్కర్లేదు. బెదిరింపుకు కొత్త సెక్షన్ 351.

ప్రమాణం చేసి చెప్పిన మాట అనుమానించడానికి కారణం లేకపోతే నిజమేనని కెనడా కోర్టులు 1979 నుంచి అంటున్నాయి. మంచి సూత్రమే. కానీ ఆ కారణాన్ని చాలాసార్లు దరఖాస్తుదారులే చేతికి ఇస్తారు. ప్రాణభయంతో వచ్చానన్న మనిషి పాస్‌పోర్టులో అక్క పెళ్ళికో తిరుమల మొక్కుకో ఇంటికి వచ్చి పది రోజులు ఉండిపోయిన స్టాంపు కనిపిస్తే, ఆ పది రోజులు ఎక్కడున్నారు, భయం ఏమైంది అన్న ప్రశ్న తప్పదు. జవాబు ఉండొచ్చు కూడా: తల్లి ఐసీయూలో ఉంది, ఊరికి పోకుండా వేలూరు ఆస్పత్రి నుంచే వెనక్కి పోయారు. అది మొదటి విచారణలోనే, డిశ్చార్జ్ సమ్మరీతో సహా చెప్పి ఉండాలి. అప్పీలులో గుర్తొస్తే లాభం లేదు.

అయిదు కారణాల్లోకి రాని భయాల మాట కూడా చెప్పుకోవాలి. వడ్డీవ్యాపారి వేధింపు, ఆస్తి తగాదా, చీటీల గొడవ నిజమైన ప్రమాదాలే కావొచ్చు, కానీ వాటంతట అవి శరణార్థి ఒప్పందం కిందికి రావు. కెనడాలో ప్రాణానికి వ్యక్తిగత ముప్పు అనే విడి దారి ఉంది, దానికీ పోలీసుల రక్షణ, వేరే ఊరు అనే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కులాంతర వివాహం వల్ల వచ్చే బెదిరింపులు ప్రత్యేక సామాజిక వర్గం కిందికి రావచ్చు. అక్కడ ప్రభుత్వ రక్షణ గురించి మన సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో ఇచ్చిన ఆదేశాలను, పోలీసుల ప్రత్యేక విభాగాలు, సేఫ్ హౌస్‌ల గురించి చెప్పినవాటిని, ఎదురుగా పెట్టే అవకాశం ఉంది. ఆదేశం ఉండటం వేరు, పలానా స్టేషన్లో అది అమలవడం వేరు. ప్రభుత్వం ప్రయత్నిస్తోందా అన్నది కాక, రక్షణ క్షేత్రంలో పనిచేస్తోందా అన్నదే చూడాలని ఫెడరల్ కోర్టు చాలాసార్లు అంది. తిరస్కరించిన అధికారి ఈ తేడా పట్టించుకోకపోతే, అప్పీలుకు అదొక గట్టి పట్టు.

మరో పట్టు అనువాదకుడు. చిత్తూరు యాసకు అలవాటు లేని అనువాదకుడు దొరికితే తేదీలు, బంధుత్వాలు తారుమారవుతాయి. అనువాదం ఆగకుండా, ఖచ్చితంగా, నిష్పక్షపాతంగా సాగాలని కెనడా ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ 2001లో మొహమ్మదియన్ తీర్పులో చెప్పింది. కానీ తేడా తెలిసిన వెంటనే, అక్కడే అభ్యంతరం చెప్పాలని కూడా అంది. పెద్దవాళ్ళ ముందు ఎదురుచెప్పకూడదనే మన మర్యాద ఇక్కడ కొంప ముంచుతుంది. లాయరు సరిగా చేయలేదన్న ఫిర్యాదుకూ పద్ధతి ఉంది. అమెరికాలో 1988 నాటి లొజాడా నిర్ణయం ప్రకారం ప్రమాణపత్రం ఇవ్వాలి, ఆ లాయరుకు తెలియజేసి జవాబుకు అవకాశం ఇవ్వాలి, బార్‌కు ఫిర్యాదు చేశారా లేదా, చేయకపోతే ఎందుకో చెప్పాలి. "స్టడీ పర్మిట్ అయిపోతే అసైలం వేసుకో, వర్క్ పర్మిట్ వస్తుంది" అని సలహా ఇచ్చి, మూసలో పోసిన కథ రాసిచ్చిన కన్సల్టెన్సీ మీద వేయడానికి అలాంటి దారి కూడా దొరకదు. సంతకం దరఖాస్తుదారుడిదే.

బ్రిటన్ పద్ధతి కొంచెం వేరు. 14 రోజుల్లో ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు వెళ్తే అక్కడ వాస్తవాలను మళ్ళీ మొదటి నుంచి చూస్తారు, కొత్త సాక్ష్యమూ తీసుకుంటారు. ఆపైన అప్పర్ ట్రిబ్యునల్‌లో చట్టపరమైన తప్పు చూపించాలి. ఈ అప్పీలు విలువ ఎంతో చూపించింది కూడా శ్రీలంక తమిళులే. 1987 డిసెంబరులో అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయిన తమిళుల్లో కొందరిని 1988లో కొలంబో విమానం ఎక్కించారు. దేశం బయటి నుంచే అప్పీలు వేసుకోవచ్చన్నారు. వేశారు. 1989లో విచారణాధికారి వాళ్ళకు అనుకూలంగా తీర్పు ఇస్తే, మళ్ళీ బ్రిటన్‌కు రప్పించాల్సి వచ్చింది. ఆ మధ్య కాలంలో కొందరు శ్రీలంకలో దెబ్బలు తిన్నారు. అయినా 1991లో యూరప్ మానవ హక్కుల కోర్టు బ్రిటన్ తప్పు చేయలేదనే తేల్చింది. పంపేముందు విచారించడానికీ, పంపాక విచారించడానికీ ఉన్న తేడా ఆ ఒక్క కేసులో కనిపిస్తుంది.

ఇన్ని దేశాల చట్టానికి పేర్లు ఇచ్చిన ఆ శ్రీలంక తమిళులు తిరుపతి జిల్లాకు దూరమేమీ కాదు. తడ దాటి తమిళనాడులోకి పోతే కొద్ది దూరంలో గుమ్మిడిపూండిలో వాళ్ళ శిబిరం ఉంది. 1983 అల్లర్ల తర్వాత మొదలైన వలసకు తమిళనాడులో వందకు పైగా శిబిరాలు వెలిశాయి. అక్కడున్నవాళ్ళలో భారత ప్రభుత్వం 'శరణార్థి హోదా తిరస్కరించడమైనది' అని ఆర్డరు ఇచ్చినవాళ్ళు ఎవరూ ఉండరు. మన దేశం 1951 ఒప్పందంపై గానీ 1967 ప్రోటోకాల్‌పై గానీ సంతకం చేయలేదు. శరణు కోరే దరఖాస్తు పెట్టుకోవడానికి చట్టం లేదు కాబట్టి తిరస్కరించే ఆఫీసు లేదు, అప్పీలు వినే ట్రిబ్యునలూ లేదు. శ్రీలంక తమిళులు, టిబెటన్ల సంగతి ప్రభుత్వం నేరుగా చూసుకుంటుంది. అఫ్గాన్లు, మయన్మార్ వాళ్ళ దరఖాస్తులు ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ చూస్తుంది. అది కాదంటే అదే సంస్థలో మరో అధికారి మళ్ళీ చూస్తారు. మన కోర్టులకు వెళ్ళే మెట్టు అందులో లేదు.

కోర్టు తలుపు మొత్తానికి మూసి ఉందని కాదు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 226వ అధికరణం కింద హైకోర్టుకు రిట్‌తో ఎవరైనా వెళ్ళొచ్చు. కానీ 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులో అదే సుప్రీంకోర్టు, దేశం నుంచి పంపేయకుండా ఉండే హక్కు ఇక్కడ నివసించే హక్కుతో ముడిపడినదనీ, అది పౌరులకే ఉందనీ చెప్పి, పద్ధతి పాటించి పంపొచ్చంది. 2025 మేలో శిక్ష ముగించుకున్న ఒక శ్రీలంక తమిళుడి అర్జీని తోసిపుచ్చుతూ, అందరికీ ఆశ్రయం ఇవ్వడానికి భారత్ ధర్మశాల కాదని ధర్మాసనం వ్యాఖ్యానించింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినప్పుడు, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేనందుకు శిక్ష పడకుండా మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది, ఉత్తర్వుతోనే మారొచ్చు. మారితే సవాలు చేయడానికి ఉన్నది రిట్ ఒక్కటే. అక్కడ కోర్టు అడిగేది పద్ధతి పాటించారా అన్నదే. వెనక్కి పోతే ఏమవుతుందన్న ప్రశ్న అడిగి తీరాల్సిన బాధ్యత మన చట్టంలో ఇప్పటికీ ఏ అధికారి మీదా పెట్టలేదు.